కొస కనపడని కట్టు

క్రీస్తురాజు మాస్టారు తన జీవితంలో ఒక్కసారే దేశం దాటాడు. దాటి, అవతల ఒక స్కౌటు శిబిరంలో ఉన్నది ఒక్క పగలు. ఆ ఒక్క పగటి కోసం ఏడు నెలలు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఊళ్లో వాళ్లు మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన్ని ‘సిలోను మాస్టారు’ అనే పిలిచారు, ఏదో షికారుకు పోయొచ్చినట్టు. ఆ పిలుపు చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆయన ఎందుకు వెళ్లాడో వాళ్లకు తెలియక కాదు. తెలిసీ అట్లా పిలిచే నోళ్లను ఏం చేయగలం?

నా పేరు గంగాధరం. బోగోలుకు తూర్పున, సముద్రానికి మైలు దూరంలో ఉన్న మిషన్ బడిలో ఇరవై రెండేళ్లు తెలుగు చెప్పాను. క్రీస్తురాజు అదే బడిలో డ్రిల్లు మాస్టారు, స్కౌటు మాస్టారు కూడా. నలభై దాటిన మనిషి ఖాకీ నిక్కరు వేసుకుని, మెడలో ఈల వేలాడదీసుకుని, బక్క కాళ్లతో ఎండలో తిరుగుతుంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు. “ఏమబ్బా, ముసలోడివయినాకన్నా పంచె కడతావా?” అని అడిగేవాణ్ణి. “పంచె కట్టుకుంటే చెట్టెక్కలేను గదా అయ్యవారూ” అనేవాడు. నిజంగానే ఎక్కేవాడు. ఆయన కోపం తెచ్చుకోగా నేను చూడలేదు. మా ఇద్దరి మధ్య కోపం వ్యవహారమంతా నేనే చూసుకునేవాణ్ణి.

వాళ్లది తెప్పల మీద వేటకు పోయే ఇల్లు. తాత కాలంలోనే క్రైస్తవంలో కలిశారు. అన్నదమ్ములిద్దరిలో పెద్దవాడు క్రీస్తురాజు మిషన్ వాళ్ల పుణ్యమా అని చదువుకున్నాడు. చిన్నవాడు ఏసుపాదం చదువు అబ్బక, నాయనతో సముద్రం మీదికి పోయాడు.

తెప్ప అంటే నాలుగైదు దుంగలు పక్కపక్కన చేర్చి రెండు చివర్లా తాళ్లతో బిగించింది, అంతే. వేటకు పోయేముందు కడతారు. ఒడ్డుకు రాగానే తాళ్లు విప్పి దుంగలు ఎండేస్తారు. రోజూ కట్టి రోజూ విప్పే పని కాబట్టి ఒక్కొక్కడి చేతికి ఒక్కొక్క తీరు పడిపోతుంది. మనకు చేవ్రాలు ఎట్లాగో వాళ్లకు తెప్పకట్టు అట్లాగ. గాలికి కొట్టుకొచ్చిన తెప్ప ఎవరిదని అక్కడ ఎవరూ అడగరు. కట్టు చూస్తారు, ఆ ఇంటికి కబురు చేస్తారు.

ఏసుపాదం కట్టు మరీ ప్రత్యేకం. మూడు చుట్లు చుట్టి, తాడును రెండు దుంగల సందులోంచి వెనక్కి లాగి, ఒక మెలి తిప్పి, మిగిలిన కొసను ఆ చుట్ల కిందికే తోసేసేవాడు. ఎంత వెతికినా తాడు కొస కనపడేది కాదు. అది వాళ్ల నాయన చేతి పని. నాయన పోయాక ఆ కట్టు కట్టేవాడు మా తీరం మీద ఏసుపాదం ఒక్కడేనని అందరూ అనుకునేవాళ్లు. క్రీస్తురాజూ అదే అనుకునేవాడు. చిన్నప్పుడు తానూ నేర్చుకున్నాడు కానీ, చాక్‌పీసు పట్టిన చేతికి ఆ బిగువు రాదని ఆయన నమ్మకం.

1958లో కార్తీకం వెళ్లకముందే గాలి లేచింది. ఆ పొద్దున వేటకు పోయిన మూడు తెప్పల్లో రెండు తిరిగొచ్చాయి. ఏసుపాదం తెప్ప రాలేదు. దాని మీద ఉన్నది అతనొక్కడే. మనిషి దొరకలేదంటే అర్థం ఉంది. దుంగ కూడా దొరకలేదు. ఇస్కపల్లి నుంచి రామాయపట్నం దాకా తీరమంతా కబురు పెట్టారు, క్రీస్తురాజు కాలినడకన పోయి స్వయంగా వెతికాడు. ఒక్క దుంగ, ఒక్క తాడు ముక్క లేదు. దుంగ రాలేదంటే తెప్ప విడిపోలేదు, తెప్ప విడిపోలేదంటే మనిషి దాని మీదే ఉన్నాడు, ఉన్నాడంటే ఎక్కడో ఒడ్డుకు చేరే ఉంటాడు. ఇదీ ఆ ఇంటివాళ్ల వాదన. నేను వ్యాకరణం చెప్పుకునే వాణ్ణి, ఆ వాదనలో తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. ఆ ఇంటి గడపలో కూర్చుని ఆ మాట అనడానికి మాత్రం నోరు రాలేదు.

ఏసుపాదం భార్య ఎలిశబెతు. అప్పటికి ఇరవయ్యేళ్ల పిల్ల, బిడ్డల్లేరు. బడి హాస్టల్లో వంటపనికి కుదిరింది. నోట్లో మాట పెగిలేది కాదు.

వాళ్ల చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆదివారం ప్రసంగం అయ్యాక పాస్టరు ఒక కాగితం తీసి, జబ్బుతో ఉన్నవాళ్ల పేర్లు, ప్రయాణంలో ఉన్నవాళ్ల పేర్లు, సముద్రం మీద ఉన్నవాళ్ల పేర్లు చదివి ప్రార్థన చేస్తాడు. మూడేళ్లపాటు ఆ చివరి వరసలో ఏసుపాదం పేరు చదువుతూనే వచ్చారు. పేరు చదివినంత కాలం మనిషి బతికి ఉన్నట్టే. ఎలిశబెతు ఒక్క ఆదివారం కూడా తప్పలేదు, జ్వరంతో ఉన్నా వచ్చి కూర్చునేది.

1961లో కొత్త పాస్టరు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. మూడేళ్లు కనపడని మనిషిని బతికున్నవాళ్లలో కలిపి చదవడం దేవుడి ముందు సరైన పని కాదన్నాడు. గూడూరులో అభ్రకం కంపెనీలో పనిచేసే ఎలిశబెతు అన్న కూడా దానికి వంత పాడాడు, చెల్లెలికి అక్కడే ఒక సంబంధం చూసి పెట్టుకున్నాడు కాబట్టి. ఆగస్టు మొదటి ఆదివారం నుంచి పేరు తీసేసి, ఏసుపాదానికి జ్ఞాపకార్థ కూడిక పెట్టేటట్టు నిర్ణయమైంది. తమ్ముడు బతికే ఉన్నాడనడానికి క్రీస్తురాజు దగ్గర ఆధారం లేదు.

ఆ ఆధారం చూపించిన పాపం నాది. నాకు పొట్లం కట్టిన కాగితమైనా చదవకుండా పారేసే అలవాటు లేదు. జులై చివర్లో ఒక మధ్యాహ్నం, బడికి మదరాసు నుంచి వచ్చే స్కౌటు పత్రిక తిరగేస్తున్నాను. సిలోనులో, మన్నారు దగ్గర ఏటా జరిగే స్కౌటు శిబిరం ఫోటో ఉంది అందులో. తాటిదుంగలతో కట్టిన పెద్ద ద్వారం, ముందు వరసగా నిలబడ్డ పిల్లలు. క్రీస్తురాజు అప్పుడే ఎండన పడి లోపలికి వచ్చాడు.

“ఏమబ్బా, సిలోనులో మీ తెప్పలోళ్లెవురో గేటు కట్టినట్టుండాదే” అన్నాను, వేళాకోళానికి.

ఆయన పత్రిక తీసుకుని కిటికీ దగ్గరికి పోయాడు. పేజీని ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకుని చూశాడు. తర్వాత నన్ను పిలిచి వేలు పెట్టి చూపించాడు.

“అయ్యవారూ, తాడు కొస యాడుండాదో చూడండి.”

కళ్లజోడు సవరించుకుని వెతికాను. “కనపడలేదే.”

“కనపడదు” అన్నాడు. “వాడు ఉండాడు.”

ఆ సాయంత్రమే పత్రిక తీసుకుపోయి ఎలిశబెతుకు చూపించాడు. నేనూ వెంట ఉన్నాను. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆ పేజీని వెలుతురుకు పట్టి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. “పోయి చూసి రండి బావా” అని మాత్రం అంది. క్రీస్తురాజు పాస్టరు దగ్గరికి పోయి బతిమాలాడు. పాస్టరు ఫోటో చూసి, సరే, మీరు వెళ్లి తిరిగొచ్చేదాకా పేరు చదువుతాను, ఆ తర్వాత మీరు చెప్పినట్టు చేద్దాం అన్నాడు.

శిబిరం వాళ్లకు రాసిన ఉత్తరానికి నెల తర్వాత రెండు వాక్యాల జవాబు వచ్చింది. ద్వారం కట్టిన మనిషి సంగతి ఆఫీసులో తెలియదట. వచ్చే ఫిబ్రవరిలో శిబిరం మళ్లీ అక్కడే, సందర్శకుల రోజున ఎవరైనా రావచ్చట. ఇక పాసుపోర్టు. దాని కోసం ఆయన నెల్లూరికి, మదరాసుకి ఎన్నిసార్లు తిరిగాడో నేను లెక్కపెట్టడం మానేశాను. నేనూ తోడు వస్తానన్నాను గానీ, నాకు పాసుపోర్టు ఎవడిస్తాడు, పైగా సముద్రం మీద గంట గడిస్తే నా పేగులు బయటికొస్తాయి. ఆయన ఒక్కడే బయల్దేరాడు. కొత్త ఖాకీ నిక్కరు కుట్టించుకున్నాడు. తమ్ముడి కోసమని ఒక పంచె, చొక్కా సంచిలో పెట్టుకున్నాడు. ఆయన భార్య రెబెక్కమ్మ వాటిని మడతపెట్టడం నేను చూశాను.

అక్కడ జరిగింది ఆయన చెప్పగా విన్నదే. తిరిగొచ్చిన రోజు బిట్రగుంట స్టేషన్ నుంచి నాతో ఊరికి నడుస్తూ ఒకసారి చెప్పాడు. తర్వాత ఏళ్ల తరబడి ముక్కలు ముక్కలుగా చాలాసార్లు చెప్పాడు.

మదరాసులో బోట్ మెయిల్ రైలు ఎక్కి, ధనుష్కోడిలో ఓడలోకి మారి, తలైమన్నారులో దిగాడు. మర్నాడు పొద్దున్నే శిబిరానికి బస్సు. దారి పొడుగునా తాటిచెట్లు, తెల్లటి ఇసుక, ఎండుచేపల వాసన. అంతా మన ఊళ్లాగే ఉందట, ఒక్కటి తప్ప. సముద్రం పడమట ఉంది. పుట్టి బుద్ధెరిగాక సముద్రాన్ని తూర్పున తప్ప చూడని మనిషికి తల తిరిగినట్టయింది. ఏసుపాదానికీ మొదట్లో ఇట్లాగే అయి ఉంటుంది, తర్వాత అలవాటు పడి ఉంటాడు అనుకున్నాడట. అప్పటికే ఆయన తమ్ముడు అక్కడ కాపురం ఉన్నాడు, ఆయన మనసులో.

ద్వారం ఫోటోలో ఉన్నట్టే ఉంది. బస్సు దిగి సంచి కింద పెట్టి, దగ్గరికి పోయి చెయ్యి వేశాడు. మూడు చుట్లు, సందులోంచి వెనక్కి, మెలి. కొస లేదు. వేలితో అదిమి చూస్తే చుట్ల కింద గట్టిగా తగిలింది. పైకే నవ్వాడట. దారినపోయే సిలోను దొరసాని ఒకావిడ తిరిగి చూసిందట. కాపలా ఉన్న స్కౌటును అరవంలో అడిగాడు, ఇది ఎవరు కట్టారని. స్కౌటు శిక్షణకు మదరాసులో ఉన్న రోజుల పుణ్యమా అని ఆయనకు అరవం బాగానే వచ్చు. సామాన్ల గుడారంలో కందయ్య అని ఉంటాడు, తాళ్ల పనంతా ఆయనదే అన్నాడు ఆ స్కౌటు.

పేరు మార్చుకుని ఉంటాడు అనుకున్నాడు మావాడు. పరాయి దేశంలో కాగితాలు లేని మనిషి సొంత పేరు చెప్పుకుంటాడా? ఆ గుడారం దాకా రెండొందల గజాలు నడిచినంతసేపూ, మొదట తిట్టాలా, మొదట కావలించుకోవాలా అని ఆలోచించాడట. గుడారంలో ఒక మనిషి అటు తిరిగి కూర్చుని తాళ్లు చుడుతున్నాడు. వంగిన వీపు, వెడల్పు భుజాలు.

“ఏసుపాదం” అని పిలిచాడు.

ఆ మనిషి తిరిగి చూశాడు. యాభై అయిదేళ్ల వాడు. కళ్లజోడు, నుదుట విభూతి. క్రీస్తురాజును ఎగాదిగా చూసి, చేతిలో తాడు వదిలేసి లేచి నిలబడ్డాడు.

“నెల్లూరు మాస్టర్, మీరా” అన్నాడు అరవంలో. “నన్ను గుర్తుపట్టలేదా? 1955, మదరాసు క్యాంపు. మనిద్దరం ఒకే గుడారం.”

అప్పుడు గుర్తొచ్చింది. మదరాసులో స్కౌటు మాస్టర్ల శిక్షణలో, ఒక సాయంత్రం నిప్పు చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ తమ ఊరి ముడి ఒకటి చూపించారు. క్రీస్తురాజు తన వంతుకు వాళ్ల నాయన కట్టు చూపించాడు. పది నిమిషాల పని. అందరూ చూసి బాగుందన్నారు, తర్వాత టీ తాగడానికి లేచిపోయారు. సిలోను నుంచి వచ్చిన కందయ్య ఒక్కడే దాన్ని నోటుపుస్తకంలో బొమ్మ గీసుకున్నాడు. ఆ పుస్తకం ఇప్పుడు పెట్టెలోంచి తీసి చూపించాడు. బొమ్మ కింద ఇంగ్లీషులో క్రీస్తురాజు, నెల్లూరు అని రాసి ఉంది. ఏడేళ్లుగా ఇక్కడి పిల్లలందరికీ మీ కట్టే నేర్పుతున్నాను, ప్రతి ఏడూ మీ పేరు చెబుతాను, ఇది చూడటానికే ఇంత దూరం వచ్చారా అని ఆయన చేతులు పట్టుకుని వదల్లేదట ఆ మంచివాడు.

“అవును, చూసిపోదామనే వచ్చినాను” అన్నాడట క్రీస్తురాజు.

అక్కడ నేనుంటే నిజం చెప్పేసి ఆ గుడారంలోనే కూలబడేవాణ్ణి. ఈయన చెప్పలేదు. అంత సంతోషపడుతున్న మనిషి ముందు చెప్పడానికి నోరు రాలేదన్నాడు. కందయ్య ఊరుకోలేదు. అందరికీ పరిచయం చేశాడు, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించాడు. మూడు గంటలకు సందర్శకులందరి ముందూ వేదిక ఎక్కించి, మెడలో దండ వేసి, చేతికి తాడిచ్చి, రెండు దుంగలు ముందు పెట్టించాడు. ఆ కట్టు పుట్టిన ఊరి మాస్టరు స్వయంగా కట్టి చూపిస్తాడని చెప్పాడు.

క్రీస్తురాజు కట్టాడు. తన చేతికి రాదని ఇన్నేళ్లూ నమ్మిన కట్టు ఎక్కడా తడబడకుండా వచ్చిందట. ఫోటోలో చూసిందానికీ దీనికీ వెంట్రుకంత తేడా లేదు. పిల్లలంతా స్కౌట్ల పద్ధతిలో లయగా చప్పట్లు కొట్టారు.

“వాళ్లు చప్పట్లు కొడతా ఉంటే నా తమ్ముణ్ణి నా చేతులతో పూడ్చిపెట్టినట్టుండింది అయ్యవారూ” అన్నాడు నాతో. రోడ్డు మధ్యలో ఆగిపోయి అన్నాడు. వెనక బండివాడు అదిలించేదాకా మేమిద్దరం అక్కడే ఉన్నాం.

సాయంత్రం శిబిరం వాళ్ల లారీలోనే తలైమన్నారు చేర్చారు. మర్నాటి ఓడకు తిరుగు ప్రయాణం. సంచిలో పంచె, చొక్కా మడత విప్పకుండా తిరిగొచ్చాయి.

ఇంటికి కూడా పోకుండా నేరుగా ఎలిశబెతు దగ్గరికి పోదామన్నాడు. నేను వద్దన్నాను. కాస్త నిదానంగా చెప్పొచ్చు, ఇంకా ఆచూకీ తీస్తున్నారని ఒక నెల గడపొచ్చు అన్నాను. అబద్ధం చెప్పమంటున్నారా అన్నట్టు చూశాడు. నిజంగా అదే చెప్పమంటున్నాను. ఆయన వినలేదు.

హాస్టల్ వెనక వాకిట్లో ఆమె బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి చాట పక్కన పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. క్రీస్తురాజు నీళ్లు తాగి, మెట్టు మీద కూర్చుని, ఉన్నదున్నట్టు అంతా చెప్పాడు. ఫోటోలో ఉన్నది తన కట్టేనని, నేర్పింది తానేనని, అది మర్చిపోయి లేనిపోని ఆశ పెట్టానని చెప్పి, తల వంచుకున్నాడు.

“నాకు తెలుసు బావా” అంది ఎలిశబెతు.

మేమిద్దరం తలెత్తాం.

“మీరు మదరాసు నుంచి వచ్చినప్పటికి మా పెళ్లయి నెల. సిలోనాయనకి మన కట్టు చూపించినాను రా అని మీరు చెప్తే ఆయన ఒకటే నవ్వినాడు. మా అన్నకే సరిగ్గా రాదు, వాళ్లకేం నేర్పించినాడో అని నాకు చెప్పి చెప్పి నవ్వినాడు. మీరు మర్చిపోయినారు. నేను మర్చిపోలేదు.”

“పటం చూసిన రోజే తెలుసా?” అని అడిగాడు క్రీస్తురాజు.

“చూసిన రోజే.”

నాకు కోపం ముంచుకొచ్చింది. నలభై మూడేళ్ల మనిషిని ఏడు నెలలు ఆఫీసుల చుట్టూ తిప్పి, సముద్రం దాటించి, తెలిసిన మాట దాచిపెడుతుందా? “ఎందుకు చెప్పలేదమ్మా?” అని నేనే అడిగాను, కాస్త గట్టిగానే.

ఆమె నా వైపు చూడలేదు. బావగారితోనే చెప్పింది. “చెప్తే మీరు పోరు. మీరు పోకపోతే ఆ ఆదివారమే ఆయన పేరు తీసేస్తారు. మీరు యాడో తిరగతా ఉన్నంత కాలం పాస్టరుగారు చదవతా ఉంటారు. ఇరవై తొమ్మిది ఆదివారాలు విన్నాను బావా. మిమ్మల్ని అంత దూరం తిప్పినాను. తప్పే.”

అన్నేళ్లలో ఆమె అన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. క్రీస్తురాజు చాలాసేపు చేతిలో ఖాళీ చెంబు తిప్పుతూ కూర్చున్నాడు.

“ఇంకో రెండు నెలలు అక్కడే ఉండి వచ్చుంటే బాగుండేది గదమ్మా” అన్నాడు.

ఆమె అప్పుడు ఏడ్చింది. మూడేళ్లలో మొదటిసారి, మా ఇద్దరి ముందు, బియ్యం చాట పక్కన కూలబడి ఏడ్చింది. కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి, పాస్టరుగారితో రేపు తనే చెబుతానంది.

ఆ ఆదివారం నేను చర్చి వరండాలో కూర్చున్నాను. అదివరకు ఎప్పుడూ పోలేదు. కిటికీలోంచి ఎలిశబెతు, రెబెక్కమ్మ పక్కపక్కన కూర్చుని ఉండటం కనపడింది. పాస్టరు కాగితం తీసి జబ్బు మనుషుల పేర్లు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల పేర్లు చదివాడు. సముద్రం మీద ఉన్నవాళ్ల పేర్లు నాలుగు చదివి, కాగితం మడిచాడు. జనమంతా ఆమెన్ అన్నారు. అందులో ఎలిశబెతు గొంతు నాకు స్పష్టంగా వినబడింది. క్రీస్తురాజు లేచి బయటికి వచ్చి, నా పక్కన కూర్చుని, ఇంకా చదువుతారేమోనని చూసినాను అయ్యవారూ అన్నాడు.